కింద పెట్టిన కప్పు

స్వైలిమ్ యాలకులు దంచుతూనే ఒక కన్ను మేకల దారి మీద వేసి ఉంచాడు. ఎడారి లోయలో గాలి తొలిచిన రాతి వంతెన కింద పరిచిన చాపల మీద విదేశీయులు అప్పుడే ఫోన్లు పట్టుకుని పడమటివైపు తిరిగి కూర్చున్నారు. ఇన్నేళ్లుగా ఇదే చోట పొద్దుగూకే వేళ కాఫీ పోస్తున్నాడు గాని, పొద్దుగూకడం అతను సరిగ్గా చూసింది తక్కువ. హమ్దా మేకల్ని తోలుకుని దిగే వేళ కూడా అదే మరి.

బక్క మనిషి. ఎండకి కమిలిన ముఖం, పొగకి ఎర్రబారిన కళ్లు, కాఫీ కూజా పట్టి పట్టి కాయలు కాసిన బొటనవేలు. విదేశీయులు దిగే ఈ శిబిరం అన్నకొడుకు నాయిఫ్‌ది. నిప్పు, కూజా, కప్పులు మాత్రం స్వైలిమ్‌వి. పెళ్లి చేసుకోలేదు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు. అయితే పాపం, అసలు తప్పు నాలుకది కాదు, గొంతుది.

మీసం కొత్తగా వచ్చిన రోజుల్లో హమ్దాని తనకిమ్మని అడగడానికి వాళ్ల గుడారానికి వెళ్లాడు. అక్కడి ఆచారం ప్రకారం, ఏదైనా కోరి వచ్చినవాడు ఇచ్చిన కాఫీ తాగకుండా కింద పెట్టాలి. “తాగు, నువ్వడిగింది నీదే” అని ఇంటాయన అన్నాకే తాగాలి. ముందే తాగేశాడంటే కోరికేమీ లేదన్నట్టు. స్వైలిమ్ మండుటెండలో ఇసుకలో నడిచి వెళ్లాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. కప్పు చేతికి రాగానే గుటుక్కున తాగేశాడు.

చూసుకునేసరికి కప్పు ఖాళీ. సిగ్గుతో ఇంకోటి తాగి, చాలన్నట్టు కప్పు ఊపి ఇచ్చేశాడు. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. మళ్లీ వెళ్లడానికి ధైర్యం కూడగట్టుకునేలోగా ఆ గుడారంలో ఇంకెవరో కప్పు కింద పెట్టారు. ఆ తర్వాత లోయంతా అతన్ని ‘తాగేసినోడు’ అని పిలిచింది.

ఇవాళ మధ్యాహ్నం నాయిఫ్ కబురు తెచ్చాడు. హమ్దాకి మూత్రపిండాలు పాడయ్యాయట, ఇక రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్లాలట. మేకల్ని అమ్మేసి, సాయంత్రం బండిలో అకాబా పట్నంలోని కూతురింటికి పోతోందని చెప్పాడు. తిరిగి రాదని కూడా చెప్పాడు.

“ఇవాళైనా నోరు తెరుస్తావా చిన్నాన్నా, లేక ఇదీ తాగేసి ఊరుకుంటావా?” అని నవ్వాడు.

స్వైలిమ్ కాఫీ గింజలు వేయించడం మొదలుపెట్టాడు. మొదటిసారి వేయించిన గింజలు మాడిపోయాయి. మళ్లీ వేయించాడు.

హమ్దా మేకలు లేకుండా, కర్ర పొడుచుకుంటూ దిగింది. కూతురి బండి దిగువన ఆగి ఉంది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఆయాసపడుతూ చాప అంచున కూర్చుంది. స్వైలిమ్ కప్పులో అడుగున కాస్త పోసి కుడిచేత్తో అందించాడు. ఆమె అందుకుని, వాసన చూసి, తాగకుండా చాప మీద పెట్టింది.

పక్కన నిలబడి చూస్తున్న నాయిఫ్ నవ్వు ఆగిపోయింది. ఆడమనిషి కప్పు కింద పెట్టడం ఆ లోయలో ఎవరూ చూడలేదు.

“తాగు హమ్దా,” అన్నాడు స్వైలిమ్. “ఏదైనా సరే, ఇచ్చినట్టే.”

“ఆ రోజు మా నాన్న దగ్గరికి దేనికొచ్చావో నీ నోటితో చెప్పు. లోయలో అందరూ చెప్పారు, నువ్వొక్కడివే చెప్పలేదు.”

అతను నిప్పుల వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు.

“నిన్ను ఇమ్మని అడగడానికే వచ్చా. దాహమేసింది.”

“మాయదారి దాహం,” అంది హమ్దా. పళ్లూడిన నోటితో నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “నేను తెర వెనకే ఉన్నా. నువ్వు తాగేస్తుంటే అరవబోయి నోరు నొక్కుకున్నా.”

డాక్టర్లు వద్దన్న కాఫీ మెల్లగా తాగింది. వంతెన రాయి నిప్పులా ఎర్రబడి, ఆపైన చల్లారింది. మేకల దారి మీద చూడ్డానికేమీ లేదు కాబట్టి స్వైలిమ్ కూడా ఆమె పక్కన కూర్చుని సూర్యుణ్ణే చూశాడు. ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చి, దేనికి చోటివ్వాలో అతనికి తెలియలేదు.

దిగువన హారన్ మోగింది. హమ్దా కప్పు చాప మీద పెట్టి, కర్ర ఊతంగా లేచి, వెనక్కి చూడకుండా దిగిపోయింది.

బండి దుమ్ము అణిగాక విదేశీయులు లేచారు. నాయిఫ్ చాపలు చుట్టసాగాడు. స్వైలిమ్ కూర్చున్న చాప దగ్గరికి వచ్చి ఆగాడు.

“కప్పు ఊపలేదు చిన్నాన్నా,” అన్నాడు మెల్లగా.

“చూశాను,” అన్నాడు స్వైలిమ్. కూజా వంచి మళ్లీ పోశాడు.

ఆ చాపని ఎవరూ చుట్టలేదు. దాని అంచున, హమ్దా కూర్చున్న చోట, చిన్న కప్పులోంచి ఆవిరి ఇంకా లేస్తోంది.