పిలిస్తే పలకని మానియస్

మానియస్ పోయాడని ఇంట్లో అందరికీ నమ్మకం కుదిరింది, ఒక్క ఆయన భార్య ఫదిల్లాకి తప్ప.

రోములో ఎవరైనా కన్నుమూస్తే అయినవాళ్లంతా మంచం చుట్టూ చేరి పేరు పెట్టి గట్టిగా పిలుస్తారు. ప్రాణం ఏ మూలైనా దాక్కుని ఉంటే పలుకుతుందని ఆశ. "మానియస్! మానియస్!" అని తమ్ముడు పిలిచాడు, పనివాళ్లు పిలిచారు, పక్కింటి ముసలాయన వచ్చి పిలిచాడు. పలకలేదు. ఇక లేడని తేల్చేసి, చావింటి గుర్తుగా వాకిట్లో సైప్రస్ చెట్టు కొమ్మ కట్టి, ఏడుపు మొదలుపెట్టారు. ఫదిల్లా గోడకు ఆనుకుని, ఇదేం రుజువని ఆలోచించింది. పెళ్లయిన నాటి నుంచి ఆ మనిషి మొదటి పిలుపుకు పలికిన పాపాన పోలేదు. భోజనానికి పిలిస్తే పలకడు, స్నానానికి పిలిస్తే పలకడు, ఇల్లు కారుతోందని పిలిస్తే అసలే పలకడు. అలాంటివాడు ఇవాళ పలకలేదంటే వింతేముంది?

ఆమెకు ఏడుపు రాలేదు. ప్రేమ లేక కాదు, ఆయనంటే ఆమెకు పంచప్రాణాలు. పోయిన విధానం తలుచుకుంటే ఒళ్లు మండేది కూడా. నడివేసవిలో, మిట్టమధ్యాహ్నం, చేపల అంగట్లో తక్కెడ సరిగ్గా లేదని తల మీద ఏమీ లేకుండా నిలబడి వాదించాడు. నీడకు రమ్మని ఆమె కబురు పెడితే రాలేదు. టోపీ పంపిస్తే పక్కనున్న గాడిదకు పెట్టాడట. సాయంత్రం తలనొప్పంటూ పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. ఎల్లుండి చితి మీద పెట్టేలోపు తనకు ఒక్క కన్నీటి బొట్టయినా రాకపోతే, ఆ మనిషిని సాగనంపకుండానే వదిలేసినట్టవుతుందని ఆమె భయం. ఆ భయంతో అన్నం కూడా సయించడం లేదు.

ఇక ఆ వంశం సంగతి చెప్పాలంటే, తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే రకం. ఇంటి ముందుగదిలో చెక్క అరల నిండా పెద్దల మైనపు ముఖాలు. పెద్ద పదవి చేసినవాడి ముఖమే ఆ అరలోకి ఎక్కుతుంది. అన్నిటికీ ఒకటే ముక్కు, గుమ్మానికి తగిలేంత ముక్కు. పెద్దవాళ్లు సైన్యాలు నడిపారు. మానియస్‌కు దక్కింది వీధులు, అంగళ్లు, తూములు చూసుకునే పదవి, అదీ ఒక్క ఏడాది. ఆ ఏడాది అయిపోయిందని ఆయనకు ఎవరూ చెప్పలేకపోయారు. చచ్చేదాకా తూముల్లోకి తొంగిచూస్తూనే ఉన్నాడు. ఆ ఊళ్లో అంత మంచి పిచ్చివాడు మళ్లీ పుట్టడు.

ఇంతలో మరిది స్పూరియస్ మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. శవయాత్రలో పోయినవాడి మైనపు ముఖం తగిలించుకుని, ఆయనలాగే నడిచి, ఆయనలాగే మాట్లాడే నటుడు ఉండాలి కదా. దాని మీదే తగువు.

"వదినా, ఆ జెలాసిన్‌ని పిలిపించావట! వాడు వీధి నాటకాల్లో జనాన్ని నవ్వించేవాడు. అన్నయ్య నడకా, అన్నయ్య దగ్గూ చూపించి నవ్విస్తే మన పరువేం కావాలి?"

"నవ్వితే నవ్వనీ. మీ అన్నయ్య బతికుండగా నవ్వనివాళ్లెవరు?"

"నేనొక పెద్దమనిషిలాంటి నటుణ్ణి చూశాను. విగ్రహంలా నడుస్తాడు."

"విగ్రహాలు ఊరినిండా ఉన్నాయిగా. ఒకదానికి టోగా చుట్టి తీసుకుపో. నాకు మాత్రం నా మొగుడు కావాలి."

స్పూరియస్ గొంతు తగ్గించాడు. "నీ కంట తడే లేదని అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి వదినా. కూలికొచ్చిన ఆడవాళ్లు జుట్టు పీక్కుని ఏడుస్తుంటే, ఇంటావిడ మాత్రం రాయిలా ఉందట."

"నాకు తెలీదా నాయనా? అందుకే అడుగుతున్నా. ఆయన్ని ఒక్కసారి నా కళ్ల ముందు నడిపించండి. చూస్తే వస్తుందేమో."

ఆ మాటతో స్పూరియస్ మెత్తబడ్డాడు. సరేనని తల ఊపి, అన్న గురించి తాను చెప్పాల్సిన ఉపన్యాసం బట్టీ పట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే జెలాసిన్ వచ్చాడు. బక్కపలచటి మనిషి, నెరిసిన తల. ఒక పెద్దింట్లో బానిసగా పుట్టి, యజమానిని కడుపుబ్బ నవ్వించి విడుదల సంపాదించుకున్నవాడు. ఎంత పేరొచ్చినా పెద్దింటి గడప తొక్కగానే చేతులు కట్టుకునే అలవాటు పోలేదు.

"అయ్యగారు ఎలా నడిచేవారమ్మగారూ?"

"ముందు పొట్ట వచ్చేది. ఆ తర్వాత తీరిగ్గా ఆయన వచ్చేవాడు."

"నవ్వితే?"

"నవ్వొచ్చే ముందు ముక్కు గోక్కునేవాడు. ఆ ముక్కు గోక్కోవడం పూర్తయ్యేసరికి ఎదుటివాళ్లకి నవ్వు ఆరిపోయేది."

"మరి కోపమొస్తే?"

"కోపం రాదయ్యా. అదే నా కోపం!"

జెలాసిన్ పొట్ట ముందుకు తోసి గదిలో రెండు చుట్లు తిరిగాడు. "అలా కాదు, ఎడమ భుజం దించు," అంది ఫదిల్లా. దించాడు. "ఆఁ, ఇప్పుడు వంటింటి తూము దగ్గర ఆగి చెవి పెట్టు. నీళ్లు సాఫీగా పోతున్నాయంటే తల ఊపాలి." తూము దగ్గర వంగి తల ఊపాడు. ముసలి దాసి పళ్లెం కింద పెట్టేసి భోరుమంది. ఫదిల్లా మాత్రం నవ్వింది. నవ్వి, తనకు ఏడుపు రానందుకు తనే సిగ్గుపడింది.

శవయాత్ర రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. కొమ్ములూ పిల్లనగ్రోవులూ ముందు నడిచాయి, వాటి వెనక మైనపు ముఖాలు తగిలించుకున్న నటులు, ఎవరి కాలపు బట్టలు వాళ్లు కట్టుకుని. మొదటాయన పొరుగూళ్లతో పోట్లాడి వచ్చి మళ్లీ నాగలి పట్టినవాడు. తర్వాతివాడు సముద్రం దాటి ఓడల నిండా కంచు తెచ్చినవాడు. ఆయన కొడుకు గ్రీకు నేర్చి విందుల్లో పద్యాలు చదివాడు. మనవడు తోటలో చెరువులు తవ్వించి పాముచేపలకు చెవిపోగులు పెట్టాడు. ఆ తర్వాత మానియస్ తండ్రి, చక్రవర్తి ముందు ఎంత కిందికి వంగాలో బాగా తెలిసినవాడు. అందరికంటే వెనక మానియస్.

"చూశావా, మన ఊరే నడిచి వెళ్తోంది," అన్నాడు ఒక సాసేజీల కొట్టువాడు పక్కవాడితో. "ముందువాళ్లు గెలుచుకొచ్చారు, మధ్యవాళ్లు కూచుని తిన్నారు, చివరాయన తూములు కడిగించాడు."

"మరి వీళ్లలో గొప్పోడెవడంటావ్?"

"చివరాయనే! నా కొట్టు ముందు కంపు లేకుండా చేసిందెవరు?"

సరిగ్గా ఆ కొట్టు ముందే జెలాసిన్ ఆగాడు. పొట్ట పట్టుకుని వంగి తూముకు చెవి పెట్టాడు. తల ఊపలేదు. ముఖం చిట్లించి, ముక్కు గోక్కుని, కొట్టువాడి వైపు వేలు చూపించాడు. "నిన్న బొమికలు తూములో పారేశావు కదూ?" అన్నాడు అచ్చం ఆ గొంతుతోనే. వీధంతా గొల్లుమంది. కొట్టువాడు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "లేదు దొరా, ఒట్టు!"

వెనక నడుస్తున్న ఫదిల్లా మెడ సాచి చూసింది. ఆ భుజం, ఆ పొట్ట, ఆ మొండి వెన్ను. కానీ కన్నీళ్లకు బదులు పాత విసుగే వచ్చింది. ఈ మనిషి ఎప్పటికి మారతాడని అనుకుంది. చూడాలని అడిగింది ఏడవడానికి, తీరా చూస్తే ఆయన బతికే ఉన్నాడన్న నమ్మకం మరింత గట్టిపడింది.

ఊరి నడిమి సభాస్థలం ఫోరంలో పెద్దల ముఖాలన్నీ దంతపు కుర్చీల్లో కూర్చున్నాయి. స్పూరియస్ వేదిక ఎక్కి నాగలి పట్టిన మొదటాయన దగ్గర మొదలుపెట్టాడు. పాముచేపల దాకా వచ్చేసరికి జనం ఆవలించడం మొదలైంది. ఫదిల్లాకు స్తంభాల వరుస కింద నీడలో చోటు ఇచ్చారు. జెలాసిన్ మాత్రం పాడె పక్కన నడి ఎండలో తల మీద ఏమీ లేకుండా, ఎడమ భుజం దించి నిలబడి ఉన్నాడు. మైనం మెరుస్తోంది. మెడ మీద చెమట కారుతోంది.

ఆమెకు ఆ క్షణంలో ఫోరమూ లేదు, ఉపన్యాసమూ లేదు. చేపల అంగడీ ఎండా మాత్రమే ఉన్నాయి.

"ఏవండోయ్!" అని కేక పెట్టింది. "ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఆ ఎండలో ఏం నిలబడతారు, ఇటు నీడలోకి రండి!"

స్పూరియస్ మాట సగంలో ఆగింది. జనమంతా వెనక్కి తిరిగారు. కూలికొచ్చిన ఆడవాళ్లు కూడా జుట్టు చేతుల్లో పట్టుకునే ఆగిపోయారు.

జెలాసిన్ గొప్ప నటుడే. కానీ పెద్దింటి ఇల్లాలు గద్దిస్తే కదిలే కాళ్లు అవి, పుట్టినప్పటి నుంచి వాటికి తెలిసింది అదే. అతని బుర్ర ఆలోచించే లోపే కాళ్లు నడిచేశాయి. పొట్ట లేదు, భుజం లేదు, గబగబా వచ్చి ఆమె పక్కన నీడలో తల వంచుకుని నిలబడ్డాడు.

ఫదిల్లా ఆ మైనపు ముఖం వైపు చూసింది.

"వచ్చేశారా?" అంది మెల్లిగా. "పిలవగానే వచ్చేశారా?"

 ఆమె నేల మీద కూలబడి, పెద్దగా, ఊరు వినేలా, చిన్నపిల్లలా ఏడ్చింది. "అయితే పోయాడు! నా మానియస్ నిజంగానే పోయాడు!"

తన తప్పు తెలిసి జెలాసిన్ చేతులు కట్టుకున్నాడు. గబగబా తిరిగి ఎండలోకి వెళ్లబోయాడు. ఆమె ఏడుస్తూనే అతని టోగా చెంగు పట్టుకుని ఆపింది.

"వద్దు నాయనా," అంది. "నువ్వు నీడలోనే ఉండు."