ఊడని తువ్వాలు

ఈస్టర్‌కు ముందొచ్చే పరిశుద్ధ గురువారం మధ్యాహ్నం రత్నకుమారి ఏటేటా చేసినట్టే సంఘం తువ్వాలును ఇస్త్రీ చేసి మడతపెట్టింది. విదేశంలో, ఒక మహానగర శివారైన బ్లాక్‌టౌన్‌లో ఓ అద్దె హాలులో కూడుకునే ఆ తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత ఆస్తి అంటూ ఉన్నది ఆ నేత తువ్వాలు ఒక్కటే. ప్రభువు శిష్యులకు కడిగినట్టు, ఆ రోజు దాన్ని నడుముకు చుట్టుకుని తోటివారి పాదాలు కడిగిన సంఘపెద్ద ఎవరికైనా నిజంగా ఉపయోగపడేదాకా దాని ముడి ఊడదు. ఇందులో ఎవరికీ వింత కనిపించదు. ఒక ఏడాది సర్జన్ శ్యామసుందరి ఆంటీకి ఏడు వారాల తర్వాత వచ్చే పెంతెకొస్తు పండగ దాకా ఊడలేదు. ఆవిడ తువ్వాలుతోనే క్లినిక్కు వెళ్ళి రోగులను చూసింది.

ఈసారి, రెండువేల సంవత్సరంలో, పాదాలు కడిగే వంతు రత్నకుమారి భర్త కేశవరావుది. కంప్యూటర్ కన్సల్టెన్సీ యజమాని. ఆదివారాలు ప్రొజెక్టరు పెట్టి సంఘానికి క్రైస్తవ నాయకత్వ సూత్రాలు బోధిస్తాడు. ఆయన ఎంచుకున్న పాదాలు కౌన్సిలరువి, బ్యాంకు మేనేజరువి, ఇద్దరు కంపెనీ డైరెక్టర్లవి. అందరూ ఇంటి దగ్గరే సబ్బుతో తోముకుని, కొత్త మేజోళ్ళు తొడుక్కుని వచ్చారు. పళ్ళెంలో పోసిన నీళ్ళు పోసినంత తేటగానే మిగిలాయి. ఫోటోలు మాత్రం బాగా వచ్చాయి.

వెనక వరుసలో యోగానంద్ కూర్చున్నాడు. రెండువేలు రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే భయం ముదిరిన రోజుల్లో, ఆ గండం గడిచినా ఉద్యోగం ఉంటుందని మాటిచ్చి కేశవరావే అతన్ని గుంటూరు నుంచి రప్పించాడు. జనవరి ఒకటిన ప్రపంచం కూలలేదు. నెలాఖరుకు యోగానంద్ ఉద్యోగం కూలింది. కంపెనీ మళ్ళీ వీసాకు స్పాన్సర్‌షిప్ లేఖ ఇవ్వకపోతే భార్య కుసుమతో సహా ఈ నెలలోనే దేశం విడిచిపోవాలి.

ఇంటికొచ్చాక కేశవరావు ముడితో చాలాసేపు పెనుగులాడాడు.

“రావట్లేదు రత్నం. కత్తెర ఇలా ఇవ్వు.”

“కత్తెరకు తెగేదైతే శ్యామసుందరి ఆంటీ ఆనాడే కోసి పారేసేది కదండీ.”

“జోకులొద్దు. బుధవారం సిటీలో క్లయింట్ ప్రెజెంటేషన్ ఉంది. ఈ అవతారంతో ఎలా వెళ్ళను?”

“యోగానంద్ లెటర్ మీద సంతకం పెట్టండి.”

“బిజినెస్ వేరు, మినిస్ట్రీ వేరు.”

“మీ ప్రొజెక్టరు షీట్ల మీద వేరేనేమో. ఆఫీసులోనూ సంఘంలోనూ ఆ అబ్బాయి మాత్రం ఒక్కడే.”

ఈస్టర్ ఆదివారం ఆయన సంతకం పెట్టాడు. కలం మూత పెట్టకముందే నడుము వంక చూసుకున్నాడు. ముడి బిగిసే ఉంది.

“చూశావా? పైసా ప్రయోజనం లేదు.” కాగితాన్ని మడిచి కోటు జేబులో కుక్కుకున్నాడు. “ఇంకెందుకు పంపడం?”

రత్నకుమారికి ఒళ్ళు మండిపోయింది. దాసానుదాసులమని బిరుదులు తగిలించుకుని, మనుషుల భుజాల మీద ఊరేగిన మతాధికారుల గురించి ఆమె చరిత్ర పుస్తకాల్లో చదివింది. ఆ బిరుదు ఇంత చవగ్గా తన ఇంట్లోకే వస్తుందని ఊహించలేదు.

“ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం సేవ ఎప్పుడైందండీ? మనిషన్నవాడు ఎలాగూ చెయ్యాల్సిన పని అది! దానికి కూడా దేవుడు చప్పట్లు కొట్టాలా?”

ఆయన కోటు తీసి కొక్కేనికి తగిలించాడు. లేఖ అందులోనే ఉండిపోయింది.

ఈస్టర్ సెలవులకు యుద్ధవీరులను తలుచుకునే ఆన్‌జాక్ డే సెలవు తోడవడంతో ఆఫీసులు బుధవారం గానీ తెరవలేదు. ఆ పొద్దున కోటు కింద తువ్వాలు వేలాడుతుండగా కేశవరావు స్టేషన్‌కు నడిచాడు. అదే రైలుకు వెళ్ళాల్సిన రత్నకుమారి నాలుగడుగులు వెనక నడిచింది. మెట్ల కింద ఒక తల్లి, ప్రామ్ అనే పిల్లల బండిలో ఏడుస్తున్న బిడ్డతో, రెండు బరువైన సంచులతో నిలబడి ఉంది. తువ్వాలు కట్టుకున్న మనిషి కనబడగానే, స్టేషన్‌లో పని చేసేవాడే అనుకుందేమో, ప్రామ్ ముందు భాగం ఆయన వైపు తిప్పింది.

“గివ్ అజ్ ఎ హ్యాండ్, లవ్?” కాస్త సాయం పట్టమని ఆ ఊరి చనువుతో అడిగింది.

పైన రైలు వచ్చి ఆగిన చప్పుడు. కేశవరావు అటూ ఇటూ చూశాడు. చూసి మెచ్చుకోవడానికి భార్య తప్ప సంఘం వాళ్ళెవరూ లేరు. ప్రామ్ ఎత్తి పైకి చేర్చాడు. సంచుల కోసం మళ్ళీ కిందికి దిగాడు. ఆయన రెండోసారి పైకి వచ్చేసరికి రైలు వెళ్ళిపోయింది.

రత్నకుమారి పక్కనే బెంచీ మీద కూలబడి, ఊపిరి సర్దుకుని, జేబులోంచి నలిగిన లేఖ బయటికి తీశాడు.

“యోగానంద్ వాళ్ళ ఇల్లు ఎటువైపు?”

రెండేళ్ళుగా తన సంఘంలోనే ఉన్న మనిషి ఇల్లెక్కడో ఆయనకు తెలియదు! రత్నకుమారికి మళ్ళీ కోపం ముంచుకొచ్చింది. దాన్ని దిగమింగకుండానే లేచి, ఆయనకన్నా ముందు మెట్లు దిగింది. ముడి ఊడిందో లేదో ఈసారి ఇద్దరిలో ఎవరూ చూసుకోలేదు.