నీళ్ళు వెనక్కి తగ్గిన ఉదయం

"ఆ మిక్సీ కాస్త ఆపవోయ్, రికార్డింగులో పడుతోంది" అన్నారు ఆయన ముందుగదిలోంచి.

ఆమె మిక్సీ ఆపింది. ఫ్యాన్ కూడా కట్టేసింది. కుళాయిలోంచి పడే చుక్కలు టపటపమనకుండా తొట్టిలో తడిగుడ్డ పరిచింది. అప్పటికి ఇల్లంతా నీళ్ళలో మునిగినట్టు నిశ్శబ్దమై, ఆ నిశ్శబ్దంలో ఆయన గొంతొక్కటే తెప్పలా తేలుతూ వంటింటి దాకా వస్తోంది.

సముద్రం ఒడ్డున ఉన్న పరిశోధనశాలకు డైరెక్టరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. అక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలు తమ ఉద్యోగ జీవితాల గురించి చెప్పే మాటలను, పోయేలోగా, వాళ్ళ గొంతుల్లోనే దాచిపెట్టాలని కొత్తవాళ్ళకు బుద్ధి పుట్టింది. ఆ పని మీద ఒక అమ్మాయి మైకు పట్టుకుని మధ్యాహ్నాలు వస్తోంది. నెమ్మదైన పిల్ల. కాలం వెనక్కి పోయేకొద్దీ ఆయనకు తడబాటు ఎక్కువ. "ఏమోయ్, మా శాలకు పెద్ద పడవ కొన్నది ఏ ఏడు?" అని కేకేస్తారు. ఆమె వంటింట్లోంచే చెబుతుంది. ఆయన దాన్నే మైకులో చెబుతారు. ఆమె గొంతు పడినచోట కత్తిరించేస్తామని ఆ అమ్మాయి మొదటిరోజే మొహమాటపడుతూ చెప్పింది.

ఆమె కూడా అదే చదువు చదివింది, ఆయన పక్క బల్ల మీదే. పెళ్ళయ్యాక, ఒకే శాలలో మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఉద్యోగం ఇవ్వకూడదన్న రూలు బయటికొచ్చింది. "ఇంటికి ఒక జీతం చాలదూ? మీరు ఊరికే వచ్చి పని చేసుకోండమ్మా, ఎవరు కాదంటారు" అన్నాడు శాలకు అప్పటి పెద్దాయన, ఏదో వరమిచ్చినట్టు. ఊరికే అన్న మాటను పట్టుకుని ఆమె పన్నెండేళ్ళు వెళ్ళింది. కిటికీ పక్కన ఒక బల్ల, ఒక పాత మైక్రోస్కోపు. పొద్దున్నే చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి, "జీతంలేని ఉద్యోగానికి ఇంత తొందరేమిటే" అనేది. "మొగుడూ పురుగులే చూసి, పెళ్ళామూ పురుగులే చూస్తే, ఈ ఇంట్లో మనుషుల్ని చూసేదెవరు?" అని కూడా అనేది. ఆవిడ మాటకారి. ఆ మాటకు ఆమెకూ నవ్వొచ్చేది. నవ్వుతూనే కూరలు తరిగి, పిల్లకు జడలు వేసి, గిన్నెలు బోర్లించి పరుగెత్తేది. సాయంత్రం తిరిగొచ్చాక అవే గిన్నెలు ఆమెకోసం ఎదురుచూస్తూ ఉండేవి. కూతురికి కామెర్లొచ్చిన ఏడాది మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు. వెళ్ళమనీ ఎవరూ అనలేదు.

"ఇక మీ గొట్టపు పురుగుల సంగతి చెప్పండి సార్" అంది ముందుగదిలో ఆ అమ్మాయి.

ఆమె తడిచేతులు తుడుచుకోవడం మరిచిపోయి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

రాళ్ళ మీద తెల్లటి సున్నపు గొట్టం కట్టుకుని అందులోనే బతికే చిన్న జీవి అది. దాని పిల్లలు మాత్రం దుమ్ములా నీళ్ళలో తిరుగుతాయి. ఏదో ఒక రోజు ఒకచోట వాలి, ఇక బతుకంతా అక్కడే. ఆ చోటును ఎలా ఎంచుకుంటాయో ఆ రోజుల్లో ఆ శాలలో ఎవరికీ అంతుపట్టలేదు. శుభ్రంగా కడిగిన గాజుపాత్రల్లో తిరిగి తిరిగి చచ్చిపోయేవి.

"ఆ ఉదయం సముద్రం ఎన్నడూ లేనంత వెనక్కి పోయింది" అంటున్నారు ఆయన. "అంతకుముందు కనపడని రాళ్ళన్నీ బయటపడ్డాయి. నేనొక్కణ్ణే ఉన్నాను. మోకాళ్ళ దాకా చల్లటి నీళ్ళు. వంగి చూస్తే, కొత్త గొట్టాలన్నీ పాత గొట్టాల మీదే ఉన్నాయి. పక్కనే నున్నటి రాయి ఉంటే, దాని మీద ఒక్కటీ లేదు. పాతవాటి వాసన తగిలితేనే అవి వాలుతున్నాయన్నమాట. ఆ తొందరలో పాదం తెగింది. రక్తం నీళ్ళలో పొగలా సాగింది. ఆ రాయినే లంచ్ బాక్సులో పెట్టుకుని వచ్చేశాను."

రక్తం నీళ్ళలో పొగలా సాగింది. ఆ మాట తనది. ఆమె గోడకు ఆనుకుంది. ఆ రోజు ఆయన తన అక్కావాళ్ళు ఇల్లు మారుతుంటే సాయానికి పొరుగూరు వెళ్ళారు. బీరువా మోసి నడుం పట్టేసి వచ్చారు. ఆ నడుముకు మందు రాస్తూ ఆమె ఇదంతా చెప్పింది. నీళ్ళ చల్లదనం, ఆ తెల్లటి గొట్టాల గుంపు, పాదం మంట, అన్నీ. ఆయన బోర్లా పడుకుని, సగం నిద్రలో, ఊఁ కొడుతూ విన్నారు. తర్వాత ఆ సంగతి వ్యాసమైంది. వ్యాసం ఆయన పేరుతో వచ్చింది, ఎందుకంటే ఆమెకు అక్కడ ఏ పేరూ లేదు. అక్కడిదాకా ఆమెకు తెలిసిందే. కానీ ఆ ఉదయం కూడా ఆయనదైపోయిందని ఇవాళే తెలిసింది. ఆయన అబద్ధమాడటం లేదు. ఆ గొంతులో తొణుకు లేదు. ఆ నిద్రమత్తులో విన్నది ఆయన లోపలికి దిగి, ఏళ్ళ తరబడి అక్కడే పెరిగి, ఆయన కాళ్ళతోనే నడవడం నేర్చుకుంది. మరి తన దగ్గర మిగిలిందేమిటి? ఒక్క క్షణం ఆమెకే అనుమానం వచ్చింది, ఆ నీళ్ళలో నిలబడింది నిజంగా తనేనా అని. కాలి కింద గచ్చు చల్లగా, మెత్తగా, ఇసుకలా జారుతున్నట్టు అనిపించింది.

సాయంత్రం ఆయన మంచం అంచున కూర్చుని మేజోళ్ళు విప్పుతుంటే అడిగింది.

"ఏమండీ, ఏ కాలు తెగింది?"

"ఏ కాలేమిటి?"

"ఆ రోజు. రాళ్ళ దగ్గర."

ఆయన ఎడమపాదం తిప్పి చూసుకున్నారు. కుడిదీ చూసుకున్నారు. "మచ్చ పోయిందనుకుంటా. ఎన్నేళ్ళ మాట" అన్నారు.

ఆమె పక్కన కూర్చుని తన పాదం ఎత్తి చూపించింది. మడమ నుంచి వేళ్ళ దాకా సాగిన తెల్లటి గీత. ఆయన కళ్ళజోడు సర్దుకుని, వంగి, చాలాసేపు చూశారు.

"అయ్యో, నీకూ తెగిందా?" అన్నారు.

ఆ గొంతులో నిజమైన జాలి ఉంది. ఆమెకు కోపం రావలసింది, రాలేదు. దానికంటే తేటగా ఉండేదేదో వచ్చింది.

"మీకు తెగలేదండీ. మీరు ఆ వేళ మీ అక్కావాళ్ళింట్లో బీరువా మోస్తున్నారు."

ఆయన విప్పిన మేజోడును మడతపెట్టి పక్కన పెట్టారు. "అలాగంటావా" అన్నారు చివరికి. ఆపైన, "అయినా మనిద్దరం వేరా ఏమిటోయ్? ఎవరు చెబితే ఏం?"

"ఎవరు చెప్పినా ఒకటేగా. అయితే నేను చెబుతాను."

"నిన్ను వాళ్ళు పిలవలేదుగా" అన్నారు ఆయన, నొప్పించాలని కాదు, ఉన్నమాటే అన్నట్టు.

మర్నాడు ఆమె ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. జీతాల పుస్తకంలో ఉన్నవాళ్ళ పేర్లే తనకిచ్చారని ఆ అమ్మాయి నసిగింది. మళ్ళీ తనే, "మైకు నా చేతిలోనే ఉందిగా ఆంటీ, రండి" అంది.

ఆమె వెళ్ళింది. పరిశోధనశాల గోడల వెంట సముద్రపు నీళ్ళు పైపుల్లో అలాగే పారుతున్నాయి. కిటికీ పక్కన, ఆమె బల్ల ఉండేచోట, జిరాక్స్ మిషను పెట్టారు. కిటికీని ఎవరూ కదపలేదు. అందులో నీలం అంతే ఉంది.

"ఏ హోదాలో పనిచేశారని వెయ్యమంటారు?" అంది ఆ అమ్మాయి మైకు సర్దుతూ.

"ఖాళీగా వదిలెయ్యమ్మా. విన్నాక నువ్వే రాద్దువుగాని."

"సరే. మీకు ఎక్కడ్నుంచి చెప్పాలనిపిస్తే అక్కణ్ణుంచే మొదలుపెట్టండి ఆంటీ."

ఆమె కళ్ళు మూసుకుంది. ఎక్కడో సముద్రం మెల్లగా వెనక్కి జరిగింది. రాళ్ళు ఒక్కొక్కటే తడితడిగా పైకి లేచాయి. ఈ గొంతును ఎవరూ కత్తిరించరని మనసు నమ్మేదాకా ఆగి, అప్పుడు అంది.

"ఆ రోజు మా ఆయన ఊళ్ళో లేరు."