వీణ చేసిన రెండోవాడు

అరవై ఎనిమిదిలో మాట. బొబ్బిలిలో పనస దుంగను తొలిచి వీణ చెక్కేది మా బావ నరసింగరావు. దానికి మైనం మీద మెట్లు కూర్చి పలికించేది నేను. పేరంతా బావదే.

వీణ కొనడానికి విజయనగరం నుంచి వచ్చిన లెక్చరరు, మాటల మధ్యలో దేవుడు లేడన్నాడు. బావ వీణ ఎత్తి చూపించాడు.

“సేసినోడు లేకుండా ఇది వస్తాదేటి బాబూ? లోకమూ అంతే. సేసినోడు ఒకడున్నాడు.”

“గొప్ప పనివాడివయ్యా నువ్వు!” అంటూ లెక్చరరు బావ భుజం తట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఒకడేటి బావా? ఈ వీణకి ఇద్దరం లేమా? లోకానికీ ఇద్దరుండొచ్చు.”

బావ నవ్వాడు. “మరి ఆ రెండోవోడి పేరు ఏ గుళ్లోనూ ఇనబడదేటిరా?”

“ఎలా ఇనబడతాది? ఆడికీ నీలాటి బావ ఉండుంటాడు!”