రెండంగుళాలు ఎక్కువ

నెరిడా కోయిల్ ఆసుపత్రి మెట్ల మీద కూలబడింది. భయంతో కాదు. ఎనిమిది నెలల భయం ఒక్కసారిగా దిగిపోయింది, అంతే. కుడికన్ను మధ్యలో మచ్చ పడింది, అది పోదని డాక్టరమ్మ చెప్పింది. ఎడమకంట్లో ఇప్పుడిప్పుడే మొదలైంది, నెలకో సూదిమందు వేస్తే అది అక్కడే ఆగుతుందని కూడా చెప్పింది. "మీకు చీకటేం రాదు. అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకోండి, చాలు" అంది.

నెరిడా అక్కణ్ణుంచి తిన్నగా బజారుకెళ్లి టాబ్లెట్ కొనుక్కుంది.

ఆమెకు అరవై ఒక్క ఏళ్లు. ఆస్ట్రేలియాలోని పోర్ట్ కెంబ్లాలో ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రెండేళ్ల కిందట రిటైరైంది. ఆ ముప్పైలో ఇరవై రెండేళ్లు యూనియన్ ప్రతినిధి. నడుంనొప్పి డ్రైవర్లకు మంచి సీట్లు వేయించాలని మేనేజరు గది ముందు నాలుగు రోజులు బైఠాయించిన మనిషి. తన కన్ను సంగతి మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. పక్కవాడి కోసం గొంతు చించుకునేవాళ్లు చాలామంది తమదాకా వచ్చేసరికి ఇలాగే మూగబోతారు. దాన్ని వినయం అనుకోకండి. పొగరు.

ఇంటికి రాగానే కెటిల్ పెట్టడం కూడా మరిచిపోయి టాబ్లెట్‌లో ఆటపుస్తకం తెరిచింది. శనివారం శనివారం పచ్చికలో బంతులు దొర్లించేవాళ్ల బౌలింగ్ క్లబ్బు వెనకగదిలో ఆడే బొమ్మల యుద్ధానికి అదే చట్టం. పెద్ద బల్ల మీద పచ్చటి గుడ్డ, అట్టలతో చేసిన కొండలు, బొటనవేలంత సైనికులు, టేపు, పాచికలు. రెండువందల ఏళ్ల కిందటి యుద్ధాలను పద్నాలుగు మంది వయసు మళ్లినవాళ్లు మళ్లీ మళ్లీ చేస్తుంటారు. ఎవడు ఎన్ని అంగుళాలు నడవాలో, ఫిరంగి ఎంత దూరం పేలుతుందో అన్నీ ఆ పుస్తకంలో చీమతలకాయలంత అంకెల్లో ఉంటాయి. రెండు వేళ్లు పెట్టి అలా సాగదీసింది. అంకెలు కోడిగుడ్లంత అయ్యాయి. నెరిడాకు ఏడుపొచ్చింది. ఒక పేజీ, ఇంకో పేజీ, అవసరం లేని పేజీలు కూడా చదివింది, చదవగలుగుతున్నానని చదివింది.

అలా చదువుతూ బురదనేల పేజీ దగ్గర ఆగిపోయింది.

బురదలో గుర్రపుదళం ఒక విడతకు జరగాల్సింది ఆరంగుళాలు.

ఆరు. ఎనిమిది కాదు.

మార్చిలో జరిగిన వార్షిక ఆటలో తన గుర్రాలను బురదలో ఎనిమిదంగుళాలు జరిపింది. పుస్తకం చూసే జరిపింది. మధ్యలో మచ్చ ఉన్న కన్ను ఆరును ఎనిమిది అంది, ఈమె నమ్మింది. ఆ రెండంగుళాలతోనే గుర్రాలు బెవన్ టైస్ ఫిరంగుల మీద పడ్డాయి, అవి ఒక్కసారి కూడా పేలకముందే. ఆట గెలిచింది. గెలిచినవాళ్లకు బహుమతిగా ఇచ్చే ఇత్తడి తొడుగు, ఏదో పాత ఫిరంగి గుండుది, అప్పట్నుంచీ ఈమె కిటికీలోనే మెరుస్తోంది.

"ఛీ" అంది పైకే, వంటింట్లో ఒక్కతే నిలబడి.

బెవన్ అంటే ఆ బొమ్మల యుద్ధం క్లబ్బుకు అధ్యక్షుడు, ముప్పై ఏళ్ల స్నేహితుడు. మార్చి నుంచి ముభావంగా ఉంటున్నాడు. ఓడిపోయాడు కదా, అలిగాడులే అనుకుంది. ఇప్పుడేమో ఆ మనిషే ఈ శనివారం ఒక తీర్మానం పెడుతున్నాడు. ఆటబల్లల దగ్గర తెర ఉన్న వస్తువేదీ ఉండకూడదని. ఓటు వేస్తారు. అది నెగ్గితే టాబ్లెట్ లేదు. టాబ్లెట్ లేకపోతే నెరిడాకు ఆట లేదు. ఉన్నమాట ఇంతే, దీనికి ఇంకో రంగు లేదు.

తీర్మానానికి కారణం కూడా లేకపోలేదు. పోయిన నెల గోరన్ అనే క్రేన్ డ్రైవరు లెక్కలు చూసుకుంటూ తన టాబ్లెట్‌ను చేతికందిన చోట, అంటే అట్టకొండ నెత్తిన పెట్టాడు. ఈ ఆట ఆడేవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది. ఆటలో మునిగినవాడికి కొండ నిజంగా కొండలాగే కనిపిస్తుంది, బరువు మోస్తుందనుకుంటాడు. అది జర్రున జారి కింద నిలబడ్డ బెవన్ గుర్రపుదళం మీద పడింది. పదకొండు మంది రౌతులకు చేతులు విరిగాయి. ఒక్కొక్కడికి గుండీలు కూడా వెంట్రుకంత కుంచెతో వేశాడు బెవన్. ఆయన కోపం అబద్ధం కాదు. కానీ ఒకడి కోపం మీద చట్టం కట్టేస్తే దాని కింద నలిగేది ఎప్పుడూ ఇంకొకరే.

శుక్రవారం గోరన్‌కు ఫోన్ చేసింది.

"ఒరేయ్, బల్ల అంచుకు బిగించే స్టాండు ఒకటి చేసి పెడతావా? పుస్తకం నిలబెట్టేదానిలా ఉండాలి."

"దేనికి?"

"దేనికో ఒకదానికి. చేస్తావా లేదా?"

"చేస్తాలే, అరవకు. ఇనప ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి ఇనుము అడిగితే లేదంటానా?"

శనివారం పొద్దున్నే గదిలో ఉల్లిపాయలు మాడుతున్న వాసన. రొట్టెముక్కలో సాసేజి పెట్టుకుని అందరూ నిలబడే తింటున్నారు. బెవన్ మాత్రం మూలన కూర్చుని, నోట్లో సూది పట్టుకుని, ఒక రౌతుకు చెయ్యి అతుకుతున్నాడు.

"ఇంకా అతుకుతూనే ఉన్నావా బెవ్?" గోరన్ భయం భయంగా అడిగాడు.

"నీ దయ. ఎనిమిది మంది లేచారు. ముగ్గురు ఆసుపత్రిలోనే ఉన్నారు."

"సాసేజి తెచ్చిపెట్టనా?"

"దాన్ని కూడా నా వాళ్ల మీద పడేస్తావా?"

నవ్వులు లేచాయి. నెరిడా నవ్వలేదు. సంచిలో ఇత్తడి తొడుగు ఉంది, టాబ్లెట్ ఉంది. రెండూ కలిసి భుజాన్ని లాగేస్తున్నాయి.

బెవన్ లేచి కప్పు మీద చెంచాతో కొట్టాడు. "సరే, పని చూద్దాం. మీకందరికీ తెలిసిందే. మన ఆటకి కావాల్సింది బొమ్మ, పాచిక, టేపు, కాగితం. ముప్పై ఏళ్లు వీటితోనే ఆడాం. అద్దం పలకలు ఇంట్లో పెట్టుకోండి. ఎవరన్నా మాట్లాడతారా?"

"నేను" అంది నెరిడా.

"మాట్లాడకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి."

"నాకు టాబ్లెట్ కావాలి బెవ్. ఈ బల్ల దగ్గరే."

"నీక్కూడా ఆ జబ్బు తగిలిందా!" బెవన్ మొహం చిట్లించాడు. తర్వాత భుజాలెగరేసి జేబులోంచి పాచిక తీశాడు. "గొడవెందుకు మహాతల్లీ? మన పద్ధతి ఉందిగా. నాలుగూ ఆ పైన పడితే ఉంచుకో. తక్కువ పడితే లేదు. అయిపోతుంది, ఆట మొదలెడదాం."

ఆ పద్ధతి నిజమే. రెండు నిమిషాల్లో తేలని వాదం ఏదైనా అక్కడ పాచికే తేలుస్తుంది. చెట్టుచాటు సైనికుడు కనిపిస్తున్నాడా లేదా అన్నా పాచికే. నెరిడా ఎన్నిసార్లు అలా వేసిందో. పదమూడు జతల కళ్లు ఆమె వైపు తిరిగాయి. చేయి చాపితే సరిపోతుంది. సగానికి సగం అవకాశం, పైగా ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

"వెయ్యను" అంది.

"ఏం?"

"నా గుర్రం గట్టు దాటిందా లేదా అంటే పాచిక వేస్తాను. నేను ఈ గదిలో ఉండాలా వద్దా అంటే వెయ్యను. అది పాచిక తేల్చే సంగతి కాదు."

"నిన్ను ఎవరు పొమ్మన్నారు?"

"నీ తీర్మానం పొమ్మంటోంది." ఊపిరి పీల్చుకుంది. డిపో గేటు ముందు మైకు లేకుండా నాలుగొందల మందికి వినిపించిన గొంతు ఇప్పుడు సన్నగా వచ్చింది. "నాకు కుడికన్ను పోయింది. ఎడమదీ మసకబారుతోంది. కాగితం మీద అంకెలు కనపడవు. బల్ల అవతలి చివర ఏ దళం ఉందో కనపడదు. టాబ్లెట్‌లో ఫోటో తీసి పెద్దది చేస్తే కనపడుతుంది. అది లేకపోతే ఇంట్లో కూర్చోవాలి. చెప్పేశాను. అంతే."

ఎవరో "అయ్యో నెరిడా" అన్నారు.

"జాలి తర్వాత పడొచ్చు. ఇంకోటుంది." సంచిలోంచి ఇత్తడి తొడుగు తీసి బెవన్ ముందు ఠక్కున పెట్టింది. "మార్చిలో నా గుర్రాలు బురదలో ఎనిమిదంగుళాలు వెళ్లాయి. వెళ్లాల్సింది ఆరు. నాకు పుస్తకంలో ఎనిమిదనే కనపడింది. మొన్న టాబ్లెట్‌లో చూశాక తెలిసింది. ఆ గెలుపు నాది కాదు, తీసుకో."

బెవన్ తొడుగు వంక చూడలేదు. నెరిడా వంక చూశాడు. నిదానంగా కుర్చీలో కూర్చున్నాడు.

"ఎనిమిదని కనపడిందా?"

"చెప్పాగా."

"నిజంగా?"

"ఏంటయ్యా, నా కన్ను తీసి చేతిలో పెట్టమంటావా?"

బెవన్ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "నేను చూశాను నెరిడా. ఆ రోజే. ముప్పై ఏళ్లుగా చూస్తున్న కన్ను, రెండంగుళాలు తెలీదా? ఎనిమిది వెళ్లాయి. చూశాను."

"చూసి?"

"ఏం చెయ్యను? ఎదుటివాడు కొలిచింది మనం మళ్లీ కొలవం కదా."

అది కూడా ఆ క్లబ్బు పద్ధతే. ఎదుటివాడి టేపు చూపించమంటే నువ్వు దొంగవని అన్నట్టే. ముప్పై ఏళ్లలో ఆ గదిలో ఆ మాట ఎవరూ అనలేదు. మర్యాద అన్నారు దాన్ని. ఆ మర్యాదే ఇద్దరు స్నేహితుల్ని ఎనిమిది నెలలు ఎడమొహం పెడమొహంగా కూర్చోబెట్టింది.

"అంటే నేను దొంగాట ఆడాననుకున్నావు."

బెవన్ పాచికను తిరిగి జేబులో వేసుకున్నాడు.

"ఎనిమిది నెలలు! నేను దొంగనని కడుపులో పెట్టుకుని నాకు టీ కలిపిచ్చావా?"

"పంచదార తక్కువేశాను."

గోరన్ ఫక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నెరిడాకు కోపం ముంచుకొచ్చింది, దాని వెనకే నవ్వు కూడా, ఏది ముందు బయటపడిందో ఆమెకే తెలీలేదు. "దరిద్రుడా, ఒక్క మాట అడగొచ్చుగా! అడిగి ఉంటే అప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లేదాన్ని కదా!"

"అడిగితే నువ్వు అవునంటావేమోనని భయం" అన్నాడు బెవన్. "నువ్వే అట్లా చేస్తే ఇంక నేనెవరితో ఆడాలి? ఈ టాబ్లెట్ల గోల కూడా... ఆ పదకొండు మంది కోసమే అనుకున్నాను. కాదేమో. పాతవన్నీ పాతలాగే ఉండాలని పట్టుబట్టినట్టున్నాను." ముక్కు చీదుకున్నాడు. "హమ్మయ్య. దేవుడా, హమ్మయ్య. కన్ను పోయిందంటే సంతోషిస్తున్నానేంటి నేను? ఛీ, నా మొహం."

"సంతోషించు. నేనూ సంతోషంగానే ఉన్నాను" అంది నెరిడా. నిజంగానే ఉంది. ఆసుపత్రి మెట్ల మీద సగం దిగిన బరువు ఇప్పుడు మొత్తం దిగింది.

గోరన్ ఇదే అదను అనుకున్నాడేమో, కారు దగ్గరికి పరిగెత్తి స్టాండు పట్టుకొచ్చాడు. బల్ల అంచుకు మరతో బిగించాడు. పలక బల్లకు బయట గాల్లో నిలబడుతుంది. జారినా ఒళ్లో పడుతుంది గానీ యుద్ధంలో పడదు. బెవన్ దాన్ని పట్టుకుని గట్టిగా ఊపాడు. కదల్లేదు.

"కొండ మీద పెట్టకూడదు" అన్నాడు.

"కొండ మీద పెట్టకూడదు" అంది నెరిడా.

"అయితే తీర్మానం ఇదీ. తెర ఎక్కడైనా పెట్టుకోండి, యుద్ధభూమి మీద తప్ప. చేతులెత్తండి."

పదమూడు చేతులు లేచాయి. పద్నాలుగో చెయ్యి నెరిడాది. అది టాబ్లెట్ బిగిస్తోంది, అందుకని నోటితోనే "అవును" అని అరిచింది.

"ఒక్క సంగతి మిగిలింది" అన్నాడు బెవన్, తొడుగును వేలితో తోస్తూ. "నువ్వు తిరిగిస్తే నేను తీసుకోను. ఆరంగుళాలకైతే ఏమయ్యేదో మనకు తెలీదుగా. మళ్లీ ఆడదాం."

మార్చిలో ఎలా ఉందో అలాగే పేర్చారు. గోధుమరంగు గుడ్డముక్క బురద. దానికవతల బెవన్ ఫిరంగులు. ఇవతల నెరిడా నడిపే ఆస్ట్రియా సైన్యపు గుర్రాలు పన్నెండు. నెరిడా తెర మీద బురద పేజీ తెరిచి, తర్వాత బల్లను ఫోటో తీసి అవతలి చివరను సాగదీసి చూసింది. ఫిరంగి పక్కన మందుగుండు డబ్బా మోస్తున్నవాడి మీసం కూడా కనపడింది. ఎనిమిది నెలల తర్వాత అవతలి సైన్యం మొహం చూసింది.

టేపు వేసి గుర్రాలు జరిపింది. ఈసారి అవి ఫిరంగులకు రెండంగుళాల ఇవతలే ఆగాయి. బెవన్ గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నెరిడా."

"ఏంటి?"

"నీ టేపు ఒకసారి చూపిస్తావా?"

నెరిడా టేపు కదపకుండా పట్టుకుని పక్కకు జరిగి చోటిచ్చింది. బెవన్ వంగాడు. కళ్లు చికిలించాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు, మళ్లీ దించాడు. చివరికి "ఆ ఫోటో తీసేది ఇటివ్వు" అన్నాడు. టేపును ఫోటో తీసి, మొరటు వేళ్లతో సాగదీసి చూశాడు.

"ఆరు."

"ఆరు" అంది నెరిడా. "నీక్కూడా కళ్లు చూపించుకో. మంచి డాక్టరమ్మ ఉంది."

"ముందు నా ఫిరంగులు చూసుకో." బెవన్ పాచికలు గుప్పిట్లో గలగలలాడించి విసిరాడు. నెరిడా వంగలేదు, ఎవరినీ అడగలేదు. టాబ్లెట్ పైకెత్తి తనే చూసింది. అయిదు, ఆరు, ఆరు.

"చచ్చాయి నా గుర్రాలు" అంది, మొహం వెలిగిపోతుండగా, పన్నెండింటినీ ఒక్కొక్కటిగా బల్ల మీంచి తీసేస్తూ.

బెవన్ ఇత్తడి తొడుగును తనవైపు లాక్కున్నాడు. తర్వాత లేచి వెళ్లి టీ పట్టుకొచ్చాడు. అందులో పంచదార సరిగ్గా ఉంది.