సామాన్ల పడవ

"నీకేం, ఒడ్డున హాయిగా కూర్చుంటావు," అన్నాడు భర్త, శుక్రవారం సాయంత్రం ఆమె గుడ్లు ఉడకబెడుతుంటే. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. రేపు గాలి ఎక్కువగా ఉంటుందట, భుజాలు పట్టేస్తాయట. నిజంగానే ఆమె అదృష్టానికి కుళ్లుకుంటున్నవాడిలా నవ్వుతూ అన్నాడు. ఆమె పొయ్యి మంట తగ్గించి, కిందటి వారం ఉప్పుపట్టి అట్టకట్టిపోయిన లైఫ్ జాకెట్లని మంచినీళ్లలో జాడించడానికి బాత్‌రూమ్‌లోకి వెళ్లింది.

ఆమె కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. అద్దాలని అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టాలి. ఆ మధ్యాహ్నం కంపెనీవాళ్లెవరో వస్తే యజమాని లోపలి గదిలోకి తల పెట్టి, "ఏమ్మా, కాస్త టీ పెడతావా? నీ చేతి టీ అంటే వాళ్లకి ప్రాణం" అన్నాడు. పక్క బల్ల దగ్గర అదే పని చేసే మగమనిషి చెయ్యి ఆపలేదు. ఆపమని అతన్నెవరూ అడగలేదు కూడా. ఆమె లేచి వెళ్లి టీ పెట్టింది. తిరిగొచ్చేసరికి బల్ల మీద అద్దం ఎక్కడిదక్కడే ఉంది. ఆ ఆలస్యానికి సాయంత్రం చీవాట్లు ఆమెకే పడ్డాయి.

సముద్రం సరదా భర్తది. పెళ్లయిన కొత్తలో ఒక్కడే వెళ్లేవాడు. తర్వాత స్నేహితుడైన పళ్ల డాక్టరు తోడయ్యాడు. ఆ తర్వాత చెల్లెలు, బావగారు, వాళ్ల కొడుకు. ఇప్పుడు ప్రతి శనివారం అందరూ సన్నటి పొడుగుపాటి కయాక్ పడవలేసుకుని దీవుల్లోకి బయల్దేరతారు. అందరూ ఆయన్ని కెప్టెన్ అంటారు. ఆయన పడవలో ముందు సీటు కూతురిది. బక్కపల్చగా ఉండి, ఎప్పుడూ కిచకిచమంటూ ఉంటుందని ఆ పిల్లని పిచ్చుక అని పిలుస్తారు. ఆడపడుచుదీ ఆమె భర్తదీ ఇంకో జంట పడవ. మధ్యలో ఇరుక్కుని వాళ్ల చిన్నోడు. డాక్టరుది ఒంటరి పడవ.

ఇక మిగిలింది పాత జంట పడవ. దాన్ని సామాన్ల పడవ అంటారు. ముందు సీట్లో స్టవ్వు, గ్యాసు, మంచినీళ్ల డబ్బాలు, పొడిబట్టల సంచులు, గుడారం. వెనక సీట్లో ఆమె. అందరూ దగ్గర దీవికి చేరి, ఇసుకలో కాళ్లు చాపుకుని ఊపిరి తీసుకుంటున్నప్పుడు ఆమె పడవ మెల్లగా వచ్చి ఒడ్డుకి తగులుతుంది. "వచ్చావా! టీ నీళ్లు పెట్టేసెయ్" అంటాడు కెప్టెన్. కాసేపటికి వాళ్లంతా పాయ దాటి దూరపు దీవికి వెళ్తారు. అక్కడ నీళ్లలోంచి లేచిన కొండ ఒకటుందట, దాని నడుమ కిటికీలా పెద్ద కంత ఉందట, అందులోంచి పడవ దూరి అవతలికి వెళ్లొచ్చట. కిటికీ కొండ ముచ్చట్లు ఆమె ఏళ్ల తరబడి వింటూనే ఉంది, గిన్నెలు తోముతూ. కొండని మాత్రం చూడలేదు. చిన్నోడు ఇన్నాళ్లూ ఆమె దగ్గరే ఇసుకలో ఆడుకునేవాడు. పసివాడిని వదిలి ఎలా వెళ్తుంది? వెళ్తే వంట ఎవరు చేస్తారు? ఈ ప్రశ్నలు ఎవరో ఆమెని అడిగినవి కావు. తనే వేసుకుని, తనే జవాబు చెప్పుకుని, తనే సర్దుకునేది. అత్తగారు ఒకసారి మెచ్చుకోలుగానే అంది: "మావాడికి సముద్రం పిచ్చి. నువ్వు అడ్డు చెప్పకుండా వెనకాలే ఉంటావు చూడు, అదే నీలో గొప్పతనం." ఆ మెచ్చుకోలుని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి ఇప్పటికీ తెలియలేదు.

ఆ శనివారం దగ్గర దీవిలో టీ తాగడం అయ్యాక చిన్నోడు పేచీ పెట్టాడు. తనూ పెద్దవాడయ్యాడట, మధ్యలో ఇరుక్కుని కూర్చోడట, మామయ్య పడవలో ముందు సీటు కావాలట.

"సరేరా, రా," అన్నాడు కెప్టెన్. కూతురి వైపు తిరిగి, "పిచ్చుకా, నువ్వీసారి అమ్మకి తోడుగా ఉండిపో. పెద్దదానివవుతున్నావు, వంటపనీ కాస్త తెలియాలిగా" అన్నాడు. మంచిగానే అన్నాడు, తల నిమురుతూ.

పిల్ల అలుగుతుంది, కాళ్లు నేలకేసి కొడుతుంది అనుకుంది తల్లి. సర్దిచెప్పడానికి మాటలు కూడా వెతుక్కుంది. పిల్ల అలగలేదు. అప్పటికే బిగించుకున్న లైఫ్ జాకెట్ బకిల్ విప్పుకుంటూ, "పర్లేదు నాన్నా" అంది. వచ్చి తల్లి పక్కన గొంతుక్కూర్చుని, ఉల్లిపాయ తీసుకుని పొట్టు ఒలవడం మొదలుపెట్టింది.

పర్లేదు. ఆ గొంతు పిల్లది కాదు. చివర్న కాస్త నవ్వు కలిపి, ఎదుటివాళ్లకి నొప్పి తగలకుండా మెత్తగా పలికే ఆ పర్లేదు తనది. టీ పెట్టమన్నప్పుడు యజమానికి చెప్పేది. ముందు సీట్లో సామాన్లు పెట్టమన్నప్పుడు భర్తకి చెప్పింది. పిల్లకి అన్నం తినిపించింది, చదువు చెప్పింది, జడ వేసింది. దీన్ని మాత్రం ఎప్పుడు నేర్పిందో ఆమెకే తెలియదు. నేర్పక్కర్లేకుండానే వచ్చేసింది, ముక్కూ మొహమూ వచ్చినట్టు.

స్టవ్వు ఆర్పేసింది.

"అదేంటి?" అన్నాడు కెప్టెన్, నీళ్లలోకి పడవ తోస్తున్నవాడల్లా ఆగి.

"మేమూ వస్తున్నాం."

"ఎందులో?"

ఆమె సామాన్ల పడవ వైపు చూపించింది. బావగారు నవ్వారు. డాక్టరు మర్యాద కోసం నవ్వు ఆపుకున్నాడు. "అమ్మా తల్లీ, అవతల పాయలో నీళ్లు పక్కకి లాగేస్తాయి. నీకు అలవాటు లేదు," అన్నాడు కెప్టెన్. అతని కళ్లల్లో నిజంగానే భయం ఉంది.

"అమ్మ వారం వారం తెడ్డు వేస్తూనే ఉందిగా నాన్నా," అంది పిచ్చుక, చేతిలో ఉల్లిపాయతోనే.

"అది వేరు. అది సామాన్లు తేవడం."

ఆ మాట అన్నాయనకే అది వింతగా వినిపించినట్టుంది. డాక్టరు గొంతు సవరించుకుని, "నిజమేరా. అంత బరువుతో నేనైతే సగం దూరం కూడా రాలేను" అన్నాడు. ఆడపడుచు ఉన్నట్టుండి లేచి పడవలోంచి సంచులు తీసి ఇసుకలో పెట్టడం మొదలుపెట్టింది. "నువ్వెక్కు వదినా, ఇవి నేను దింపుతా." నీళ్ల డబ్బా ఎత్తబోయి, ఎత్తలేక, రెండు చేతులూ వేసి ఈడ్చింది. "ఇంత బరువా! దీన్నెలా తెస్తున్నావు?"

పడవ నీళ్లలోకి దిగింది. అలవాటు కొద్దీ ఆమె నడుం బిగించి తెడ్డు లాగింది. పడవ ఎగిరి ముందుకి దూకింది. పిచ్చుక కెవ్వుమంది. ఆమె గాభరాగా తెడ్డు ఆపేసింది, తప్పేదో జరిగిందని. ఏ తప్పూ జరగలేదు. బరువు లేదు, అంతే. ఇన్నేళ్లూ ఆమె వెనకబడింది తన చేతులు చాలక అనుకుంది. అందరిలో తనే నెమ్మది అని, తనే ఆటంకం అని, చేరగానే క్షమించమన్నట్టు నవ్వుతూ దిగేది.

పాయలో నీళ్లు లాగాయి. పడవ ముక్కుని కాస్త ఎగువకి తిప్పి పెట్టి, తొందరపడకుండా లాగింది. గ్యాసూ గుడారమూ ఒరిగిపోకుండా పడవని నిలబెట్టే చేతులకి అది కొత్త పనేం కాదు. పళ్ల డాక్టరుని దాటారు. బావగారిని దాటారు. కెప్టెన్ పడవ పక్కకి వచ్చింది. చిన్నోడు ముందు సీట్లో తెడ్డుతో నీళ్లు చిమ్ముతున్నాడు, వెనకాల ఆయన ఆయాసపడుతున్నాడు. అప్పుడు ఆమె తెడ్డు దానంతటదే నెమ్మదించింది. ఆయన మొహం చిన్నబోతుందేమో. అందరిముందూ బాగుండదేమో. కాస్త వెనకే ఉంటే పోయేదేముంది? అలా తగ్గించుకోవడం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని ఆమె హడలిపోయింది. సముద్రంలోనే ఇంత తగ్గితే ఇంట్లో ఎంత తగ్గి ఉంటుంది, దుకాణంలో ఎంత తగ్గి ఉంటుంది?

"అమ్మా, ఆగావేం?"

"ఆగలేదు," అని తెడ్డు లాగింది.

కిటికీ కొండ దగ్గరికి అందరికంటే ముందు వాళ్లే చేరారు. కొండ మామూలుగా ఉంది. కంత కూడా కథల్లో చెప్పినంత పెద్దదేం కాదు. తలలు వంచుకుని దూరాలి. "ఇంతేనా!" అంది ఆమె పైకే. పిచ్చుక కిసుక్కుమంది. తల్లీ కూతుళ్లిద్దరూ నవ్వు ఆపుకోలేక పడవ ఊగిపోయేలా నవ్వారు. కంత దాటి అవతలికి వెళ్లారు. అటువైపు ఒక్క పడవా లేదు, మాటా లేదు. ఆకుపచ్చటి నీళ్లు కొండ అడుగున మెల్లగా పైకీ కిందికీ కదులుతున్నాయి. ఆమె తెడ్డు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. చేతులకి చెయ్యడానికేమీ లేదు. ఎప్పుడో చిన్నప్పుడు తప్ప అలా కూర్చున్నట్టు గుర్తులేదు. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. ఆకలేసింది.

కెప్టెన్ చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆమెని చూసి, చూడనట్టు కొండని చూసి, మళ్లీ ఆమెని చూశాడు. "బాగా వేశావు," అన్నాడు చివరికి. మనస్ఫూర్తిగానే అన్నాడు. వెంటనే, "తినడానికేమైనా తెచ్చావా?" అన్నాడు.

"లేదండీ."

ఆయన నమ్మలేనట్టు పడవలోకి తొంగిచూశాడు. ఆమెకి జాలేసింది. జాలేసినంత మాత్రాన పడవలో రొట్టెలు మొలవవు కదా అని కూడా అనిపించింది.

దగ్గర దీవికి తిరిగొచ్చేసరికి ఉల్లిపాయలు వదిలేసిన చోటే ఉన్నాయి. ఆకలితో అందరూ తలో పనీ అందుకున్నారు. ఉప్పెక్కడ? అగ్గిపెట్టె ఎక్కడ? గరిటె తెచ్చావా? బావగారు అడుగంటించిన సూపులో ఉడికిన గుడ్లు వేసుకుని తిన్నారు. చిన్నోడు మాత్రం ఇంత రుచైన సూపు ఎప్పుడూ తాగలేదన్నాడు.

ఎండ తగ్గి తిరుగు ప్రయాణం కట్టే వేళకి చిన్నోడు నిద్రతో తూలుతూ అమ్మానాన్నల పడవలోకి వెళ్లిపోయాడు. పిచ్చుక నాన్న పడవ వైపు చూడనైనా చూడకుండా పరుగెత్తి అమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఆమె వెనక ఎక్కి తెడ్డు అందుకుంది. మోకాలిలోతు నీళ్లలో కెప్టెన్ ఒక చేత్తో స్టవ్వు, ఇంకో చేత్తో గుడారం పట్టుకుని నిలబడ్డాడు. వెనక ఇసుకలో డబ్బాలూ సంచులూ ఉన్నాయి.

"ఇవన్నీ ఇప్పుడెలా?" అన్నాడు.

ఆమెకి తెలుసు. ఆయన పడవలో ముందు సీటు ఖాళీ. డబ్బాలు అడుగున అడ్డంగా పెట్టాలి, స్టవ్వు వాటి మీద, గుడారం పక్కన దూర్చాలి, పొడిబట్టలు అన్నిటికంటే పైన. ఏది ఎటు ఒరిగితే పడవ ఎటు లాగుతుందో కూడా తెలుసు. ఆయన అడగడం పూర్తి కాకముందే జవాబంతా నోట్లోకి వచ్చేసింది, ఎప్పటిలాగే.

"మీరే ఆలోచించండి," అంది నెమ్మదిగా, కోపం లేకుండా. తెడ్డుతో ఇసుకని ఒక్క తోపు తోసింది.