పంజాగుట్టలో సన్మానం

సన్మానమంటే మనవాళ్లకి ఎంత సరదానో చెప్పనక్కర్లేదు. చేయించుకునేవాడి ప్రాణం మాత్రం ఎవరికీ పట్టదు. జాతీయ భావితరాల నిధికి అధిపతి అయిన మహిపాల్, ఢిల్లీ నుంచి సొంతూరికి వచ్చిన పాపానికి, ఆ ఆదివారం పంజాగుట్ట ఫంక్షన్ హాల్లో మెడ తిప్పలేనన్ని దండల మధ్య చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

గనుల మీద దేశానికి వచ్చే రాబడిలో ఒక వాటా ఆ నిధిలో చేరుతుంది. ఇంకా పుట్టని పిల్లల సొమ్మది. అధిపతి సంతకం లేనిదే పైసా బయటికి రాదు. ఎన్నికలు దగ్గరపడ్డాయి కాబట్టి, ఈ సన్మానానికి ముఖ్య అతిథిగా వచ్చిన మంత్రిగారికి ఇప్పుడా సంతకం కావాలి.

ఏర్పాట్లన్నీ అన్న ఐలయ్యవే. మైత్రీవనం ముందు ఇడ్లీ బండి నడిపి తమ్ముణ్ణి చదివించిన మనిషి. ఇప్పుడు కార్పొరేటర్ టికెట్ మీద ఆశపడ్డాడు. పొద్దున శ్రీనగర్ కాలనీలో కారెక్కుతుంటే తమ్ముణ్ణి పక్కకి లాగాడు.

"మంత్రి అడుగుతడు రా. జర సరే అను. నా టికెట్ గా మాట మీదనే ఉన్నది."

"నాతోని కాదన్నా."

"నీకు నేను ఎన్నడన్న కాదన్ననా?" అన్నాడు ఐలయ్య. మహిపాల్ గబగబా కారెక్కి కూర్చున్నాడు, పాపం.

అనుకున్నంతా అయింది. మంత్రి మైకు పట్టాడు. "మన మహిపాల్ బంగారం! నిధి తెరిచి మన యువతకు ఇప్పుడే సాయం చేస్తుండు!" హాలు దద్దరిల్లింది.

మహిపాల్ లేచాడు. "క్షమించాలి. ఆ సొమ్ము ఇచ్చే హక్కు నాకు లేదు."

చప్పట్లు! "ఎంత వినయం!" అని మంత్రి మురిసిపోయాడు.

"నేను సంతకం పెట్టను," అన్నాడు మహిపాల్ ఈసారి గట్టిగా. మళ్లీ చప్పట్లు, ఈలలు. వెనక నుంచి ఎవడో, "అన్న మస్తు జోకులేస్తుండు భాయ్!" అని అరిచాడు. ఏం మనుషులండీ! దండ వేయించుకున్నవాడు ఏమన్నా మురిపెంగానే వింటారు. మంత్రి అప్పుడే పత్రికలవాళ్ల వైపు తిరిగి రేపటి ప్రకటన సంగతి చెబుతున్నాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టే.

వీళ్ల చెవికెక్కే మాట ఒక్కటే ఉంది. అది అనకూడదని మహిపాల్‌కి తెలుసు.

"పొద్దున మా అన్న సుత గిదే అడిగిండు, టికెట్ కోసం. నన్ను సాదిన అన్నకే కాదన్న. మీకెట్ల ఇస్త?"

చప్పట్లు ఆగిపోయాయి. మంత్రి ఏమీ ఎరగనట్టు ఫోను తీసుకుని చెవికి పెట్టుకున్నాడు. అందరి కళ్లూ మెట్ల దగ్గర కొత్త ఖద్దరు చొక్కాలో నిలబడ్డ ఐలయ్య మీదికి తిరిగాయి. ఆ ముఖం చూడలేక మహిపాల్ తల దించుకున్నాడు.

ఐలయ్య మెల్లగా వేదికెక్కి మైకు అందుకున్నాడు. "భోజనాలు పైన పెట్టినం. అందరు తిని పోవాలె," అన్నాడు.

"అన్నా..." అని మహిపాల్ అతని చేయి పట్టుకోబోయాడు.

ఐలయ్య చేయి వెనక్కి తీసుకుని, గుమ్మంలో ఉన్న డ్రైవర్‌ని కేకేశాడు.

"సారు పోతరంట. కారు తియ్యి."